తుప్పలు కొట్టించే ముందు తోటలో ఏముందో చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. ఒడిశాలో ఉన్నా మా ఇంటికి పొద్దున్నే వచ్చేది తెలుగు పేపరే, పాతపట్నం దాటి వస్తుంది. ఈ ఉత్తరం మీ పేపర్ ద్వారా మా వైపు వాళ్ళకీ, శ్రీకాకుళం మన్యం వైపు వాళ్ళకీ చేరాలని రాస్తున్నాను, కొంచెం పెద్దదే అయింది, వీలైతే కత్తిరించకుండా వెయ్యండి.

సంగతి ఏంటంటే మా చుట్టుపక్కల పాత తోటలు చాలా చేతులు మారుతున్నాయి. ముసలాళ్ళు పోయారు, పిల్లలు వైజాగ్‌లోనో బెంగళూరులోనో ఉండిపోయారు, చూసేవాళ్ళు లేక తోట తుప్పలు పట్టిపోతుంది, చివరికి అమ్మేస్తారు. కొన్నవాళ్ళు చేసే మొదటి పని జేసీబీని పిలవడం. ఒక్క పూటలో నేలంతా ఎర్రగా తేలుతుంది, ఫోటో తీసి స్టేటస్ పెడతారు, బాగుంది. కానీ ఆ తీసేసిన దాంట్లో ఏమున్నాయో ఎవరికీ తెలీదు, అడిగితే "అన్నీ పిచ్చి మొక్కలే" అంటారు. పేరు తెలియకపోతే పిచ్చి మొక్క అయిపోతుందా అండి? నేను అడిగేది ఒక్కటే, తోట కొన్నాక కనీసం ఒక ఏడాది, అంటే ఎండాకాలం వానాకాలం చలికాలం మూడూ తిరిగేదాకా ఆగండి, ఏది ఏంటో తెలుసుకోండి, ఆ తర్వాత మీ ఇష్టం.

మేం కూడా కాశీనగర్ రోడ్డు వైపు ఒక పాత తోట కొన్నాం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా జిల్లా, పక్కన శ్రీకాకుళం జిల్లా ఎంత దెబ్బతిన్నాయో మీ పాఠకులకి చెప్పక్కర్లేదు, పలాస దగ్గర తీరం దాటింది, కొబ్బరి జీడి పనస అన్నీ పడిపోయాయి. ఈ తోట ఓనర్లు ఆ తర్వాత మళ్ళీ ఇటు వచ్చి చూడలేదంట. మేం కొనేసరికి లోపలికి దారి లేదు. మా వారు కూడా జేసీబీ వాడితో బేరం మాట్లాడారు, మా అత్తయ్య గారే అడ్డుపడ్డారు. ఎండల్లో తోట చూసి లెక్క వెయ్యకూడదు, వానలు పడనీ, అప్పుడు లేస్తాయి కింద ఉన్నవన్నీ అన్నారు. కాబట్టి నడవడానికి దారులు, బావి చుట్టూ కాస్త జాగా మాత్రం కత్తితో కొట్టించాం. పాత బావి గట్టు లేకుండా తుప్పల కింద దాక్కుని ఉంటుంది, కొత్త తోటలో అడుగు పెట్టేవాళ్ళు ముందు ఊళ్ళోవాళ్ళని అడిగి బావి ఎక్కడుందో తెలుసుకోవాలి. బూట్లు, చేతికర్ర తప్పనిసరి, పాముల సంగతి తెలిసిందే కదా.

అత్తయ్య గారు చెప్పినట్టే అయింది. వానల ముందు ఒక మూల నుంచి ఘోరమైన కంపు, ఎలకేదో చచ్చిందేమో అని వెతికితే నేలలోంచి నేరుగా ఒక పువ్వు, ఆకు లేదు కాడ లేదు, ముదురు ఎరుపులో చేతెడు వెడల్పు ఉంది, చుట్టూ ఈగలు. అది కంద. కందకి పువ్వు ముందు వస్తుంది, ఆకు ఆ తర్వాత గొడుగు విప్పుకుని వస్తుంది, ఆ కంపు ఈగల్ని, పురుగుల్ని పిలవడానికే. వేసవిలో జేసీబీ పెట్టుంటే ఆ దుంప మట్టిలో కలిసిపోయేది. ఇంకో చోట మామిడి చెట్టు నీడన ఏమీ లేని నేల, నాలుగు వానలు పడ్డాక వరసగా ఆకులు లేచాయి. పసుపు అనుకున్నాం, ఆకు అచ్చం పసుపు ఆకే. కొమ్ము ఒకటి తవ్వి విరిస్తే లోపల లేత పసుపు రంగు, వాసన చూస్తే పచ్చి మామిడికాయ. మామిడి అల్లం అది. ఎవరో ఒకప్పుడు పచ్చడికని నాటుకుని ఉంటారు, మనుషులు వెళ్ళిపోయినా అది ఏటేటా లేస్తూనే ఉంది. ఆకు చూసి తేడా చెప్పడం కష్టం, విరిచి వాసన చూస్తే చిన్నపిల్ల కూడా చెప్పేస్తుంది.

ఇప్పుడు అందరి చేతిలో ఫోన్ ఉంది, మొక్క ముందు పెడితే పేరు చెప్పే యాప్‌లు ఉన్నాయి, నేనూ వాడతాను, వాటిని తీసిపారెయ్యట్లేదు. కానీ యాప్‌కి మనం ఏం చూపిస్తామో దాన్ని బట్టే అది చెప్తుంది. తుఫానుకి విరిగిన ఒక చెట్టు మోడు నుంచి చిగుళ్ళు వచ్చాయి, కణుపు కణుపుకీ ముల్లు. ఆకు ఫోటో పెడితే ఒకసారి ఒక పేరు, కొంచెం పక్క నుంచి తీస్తే ఇంకో పేరు, ఎండలో తీస్తే మూడోది. మోడు మీద వచ్చే లేత చిగుళ్ళకి ముళ్ళు ఎక్కువ, ఆకు సైజు వేరు, పెద్ద చెట్టు ఆకుతో కలవదు, అందుకే యాప్ తికమక పడుతుంది. అప్పుడు మేం చేసింది, ఆకు తెంపి ఎండకి ఎత్తి చూశాం. సన్నటి చుక్కలు చుక్కలుగా వెలుగు కనపడింది. ఆ చుక్కలు నూనె తిత్తులు, నిమ్మ, కరివేపాకు, మారేడు, వెలగ ఇవన్నీ ఒకే కుటుంబం, అన్నిటి ఆకుల్లో ఈ చుక్కలు ఉంటాయి. (జామ, నేరేడు ఆకుల్లో కూడా ఉంటాయి, కాకపోతే వాటి ఆకులు కొమ్మకి ఎదురెదురుగా జతలుగా వస్తాయి, నిమ్మ కుటుంబంలో ఎక్కువగా ఒకటి విడిచి ఒకటి వస్తాయి.) సరే ఇది నిమ్మ కుటుంబం అని తేలింది, మారేడా వెలగా? మారేడుకి ఒక కాడకి మూడు ఆకులు, శివుడికి పెట్టేది అందరికీ తెలుసు. దీనికి ఐదు, ఏడు చిన్న ఆకులు ఉన్నాయి, వాటి మధ్య కాడకి రెండు పక్కలా సన్నగా రెక్క లాంటి అంచు ఉంది, నలిపితే సోంపు వాసన. వెలగ. వినాయక చవితికి వెలక్కాయ కోసం బజారంతా తిరుగుతాం, తోటలో చెట్టు పెట్టుకుని కొట్టించేసేవాళ్ళం.

కాబట్టి మొక్కని గుర్తుపట్టడం అంటే పెద్ద చదువు అక్కర్లేదు, చూసే వరస తెలిస్తే చాలు. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా ఒకటి విడిచి ఒకటా, కాడకి ఒకే ఆకా చిన్న చిన్న ఆకులు చాలా ఉన్నాయా, తెంపితే పాలు కారుతున్నాయా, నలిపితే వాసన ఏంటి, లేత కొమ్మని వేళ్ళ మధ్య తిప్పితే గుండ్రంగా ఉందా నాలుగు పలకలుగా తగులుతుందా. తులసి, పుదీనా, తుమ్మి వీటి కాడలు పలకలుగా ఉంటాయి, వావిలి లేత కొమ్మ కూడా అంతే. వావిలి మా కంచె నిండా ఉంది, ఆకు కింద వైపు తెల్లగా బూడిద రంగులో ఉంటుంది, మూడు లేదా ఐదు వేళ్ళుగా విడి ఉంటుంది, బాలింతల స్నానం నీళ్ళలో వేస్తాం కదా అదే. పాలు కారేవాటితో మాత్రం జాగ్రత్త అండి, జిల్లేడు పాలు జెముడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, ఆ చేత్తో కళ్ళు నలుపుకోకూడదు.

ఫోటో తీసేటప్పుడు ఒక్క ఆకు తీసి ఊరుకోకండి. ఆకు పైన, ఆకు కింద, కొమ్మకి ఆకు అతుక్కున్న చోటు, బెరడు, పువ్వు, కాయ, పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి సైజు తెలిసేలా తియ్యండి. అన్నిటికన్నా మంచిది పాత పద్ధతి, కొమ్మ తెంపి మీ పేపర్ షీట్ల మధ్యే పరిచి పైన బరువు పెట్టడం. వానాకాలంలో రోజూ కాగితాలు మార్చకపోతే బూజు పడుతుంది. తేదీ, ఎక్కడ దొరికింది, ఎంత ఎత్తుంది, పువ్వు రంగు ఏంటి, పేరు ఎవరు చెప్పారు, ఇవి కోసిన రోజే చీటీ మీద రాసి పెట్టాలి, ఎందుకంటే ఎండాక రంగు పోతుంది. బోటనీ వాళ్ళు హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలు దాచే చోట, చేసేది కూడా ఇదే. పువ్వు, కాయ ఉన్న కొమ్మ అయితే ఎన్నేళ్ళ తర్వాత ఎవరు చూసినా పేరు సరిచూసుకోవచ్చు, ఫోన్ ఫోటోలు ఫోన్ పాడైతే పోతాయి.

తెలియని మొక్కని నోట్లో పెట్టుకుని రుచి చూడడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఇది నేను గట్టిగా చెప్తున్నాను ఎందుకంటే మా కంచె మీదే వానాకాలంలో అడవి నాభి పూసింది, అగ్నిశిఖ అని కూడా అంటారు. పసుపు నుంచి ఎరుపుకి మారే రేకులు పైకి తిరిగి ఉంటాయి, ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను. ఆకు చివర సన్నగా సాగి తీగలా చుట్టుకుంటుంది, దాన్ని పట్టుకునే పైకి ఎక్కుతుంది, ఆ గుర్తు ఉంటే అదే. దాని దుంపలో కాల్చిసిన్ అనే విషం ఉంటుంది, తినే దుంప అనుకుని వండుకుంటే ప్రాణం పోతుంది. మా వైపు అడవి దుంపలు తవ్వుకుని తినే అలవాటు ఉంది కాబట్టి తీగ చూడకుండా దుంప ఒక్కటే చూసి నమ్మకూడదు. కంచెకి వేసే అడవి ఆముదం గింజలు పిల్లలు వేరుశనగ పలుకులనుకుని తినేస్తారు, వాంతులతో ఆసుపత్రి పాలవుతారు. పచ్చ గన్నేరు కాయ, గురివింద గింజ, ఉమ్మెత్త కాయ ఇవన్నీ కూడా విషమే, పాత పెరళ్ళలో మామూలుగా ఉండేవే. పీకెయ్యమని అనట్లేదు, ఏది ఎక్కడుందో ఇంట్లో పిల్లలకి చేత్తో చూపించి చెప్పాలి.

తిప్పతీగ గురించి కూడా ఒక మాట. కరోనా టైంలో అందరూ కషాయం కాచుకుని తాగారు, ఇప్పటికీ తాగుతున్నారు. 2022లో ఆయుష్ మంత్రిత్వ శాఖ దీని మీద ప్రకటన ఇచ్చింది, అసలు తిప్పతీగ లాగే ఉండే ఇంకో తీగ ఉంది, అది హాని చెయ్యొచ్చు, సరిచూసుకోండి అని. అసలు తిప్పతీగ కాండం మీద బుడిపెలు ఉండవు, తెంపితే పాలు రావు. రెండోదాని కాండం బూడిద రంగులో బుడిపెలతో ఉంటుంది, పాలు వస్తాయి. రెండింటి ఆకులూ హృదయం ఆకారమే కాబట్టి ఆకు చూసి తెంపుకుంటే మోసపోతాం. ఈ తేడా నా చుట్టుపక్కల రోజూ కషాయం తాగేవాళ్ళకి కూడా తెలీదు.

అన్నీ ఉంచుకోమని కాదు. పులికంప, అదే లాంటానా, మా తోటలో సగం అదే ఉంది, అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క, కింద ఇంకోటి మొలవనివ్వదు, పశువులు తింటే లివర్ పాడవుతుంది. దాన్ని వేర్లతో సహా తవ్వించి తీయిస్తున్నాం, పైన కొడితే మళ్ళీ వస్తుంది. వయ్యారిభామ కూడా అంతే, 1950ల్లో పుణె వైపు కనపడి దేశమంతా పాకిపోయింది, పూత రాకముందే చేతులకి గ్లౌజులు వేసుకుని పీకాలి, లేకపోతే ఒళ్ళంతా దద్దుర్లు. గడ్డి మందు కొట్టేస్తే పోలా అని అందరూ అంటారు. ఆ మందుకి పులికంప ఏదో పనికొచ్చే పిల్లిపీచర ఏదో తెలీదు, పచ్చగా ఉన్నదాన్నల్లా చంపుతుంది. పైగా 2022 అక్టోబర్‌లో కేంద్రమే గ్లైఫోసేట్ అనే గడ్డి మందుని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరేవాళ్ళు వాడకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది, అయినా ఎవరికి పడితే వాళ్ళకి అమ్ముతూనే ఉన్నారు.

ఇక అసలు ఇబ్బందికి వస్తాను. పేరు అడగాలంటే ఎవర్ని అడగాలి? మా తోటలో సగం మొక్కలు చెప్పింది సంతకి విస్తళ్ళు కుట్టే అడ్డాకులు తెచ్చే సవర గిరిజన అప్ప. బావి వెనకాల చెట్ల మీదకి పాకిన తీగ ఆకు రెండుగా చీలి ఉంటే అది మా అడ్డాకే అని దూరం నుంచే చెప్పింది, పిల్లిపీచర, పొడపత్రి, నేలవేము ఒక్కోటి చూపించుకుంటూ వెళ్ళింది, ఏది ఏ నెలలో తియ్యాలో, ఎంత వదిలెయ్యాలో కూడా చెప్పింది. చెప్పినవి సవరలో చెప్పింది, వాటిలో కొన్నిటికి మాకు తెలుగు పేరు తెలుసు, కొన్నిటికి తెలీదు. బజారులో మూలికల కొట్టు ఆయన ఒరియా పేర్లు చెప్తాడు, తిప్పతీగని గులుచి అంటాడు, వావిలిని బెగునియా అంటాడు. ఒక ఆఫీసుకి వెళ్తే ఇంగ్లీషు పేరు ఒక్కటే చీటీ మీద రాసిచ్చారు, ఆ చీటీ తెచ్చి ఇంట్లో ఎవరికి చూపించాలి? ఒక్క మొక్క నాలుగు చోట్ల నాలుగు పేర్లతో ఉంటుంది, నాలుగూ ఒక కాగితం మీద ఎక్కడా కనపడవు.

సరిహద్దు జిల్లా వాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. అందుకని మా మొక్కల వివరాలు గ్యాంబుల్ అనే బోటనీ ఆయన మొదలుపెట్టి ఆయన పోయాక ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షాల గ్రంథంలో ఉన్నాయి, 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చింది, ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. ఒడిశా మొక్కలంటే ఒడిశా పుస్తకాల్లోనే వెతికేవాళ్ళకి ఈ సంగతి తెలియాలి. కానీ అది ఇంగ్లీషులో, అదీ బోటనీ ఇంగ్లీషులో ఉంటుంది, మామూలు మనిషికి కొరుకుడు పడదు. ఇదే ఊళ్ళో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు తయారుచేశారు, 1940లో పోయారు. ఆయన తిరిగిన ఊళ్ళో ఇవాళ సంతకి వచ్చే అప్ప చెప్పే మొక్కల పేర్లు రాసుకునేవాళ్ళు లేరు, ఆమె పిల్లలు భువనేశ్వర్‌లో పనికి వెళ్ళారు, వాళ్ళకి ఆ పేర్లు రావు. ఇది నాకు చాలా బాధగా ఉంది అండి.

కాబట్టి మీ పేపర్‌ని అడుగుతున్నాను, జిల్లా పేజీలో వారానికి ఒక చిన్న జాగా ఇవ్వండి. పాఠకులు తమ తోటలో దొరికిన మొక్క ఫోటో పంపిస్తారు, మీరు తెలుగు పేరు, ఒరియా పేరు, సవర పేరు, శాస్త్రీయ నామం నాలుగూ పక్కపక్కన వెయ్యండి, విషమైతే ఎర్ర అక్షరాల్లో చెప్పండి. మందుగా ఎలా వాడాలో వెయ్యొద్దు, అది వైద్యుల పని, గుర్తుపట్టడం వరకు చాలు. పేరు ఖాయం చెయ్యడానికి మా ఊరి కాలేజీల్లో బోటనీ లెక్చరర్లు ఉన్నారు, ఆర్.ఉదయగిరిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, భువనేశ్వర్‌లో రీజినల్ ప్లాంట్ రిసోర్స్ సెంటర్ ఉంది, మీ పేపర్ అడిగితే వాళ్ళు కాదనరు, మాలాంటివాళ్ళు ఒక్కొక్కళ్ళం వెళ్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలో కూడా తెలీదు. సవర పేర్లు చెప్పినవాళ్ళకి మీరు ఏదైనా పారితోషికం ఇస్తే ఇంకా మంచిది, వాళ్ళ టైంకి కూడా విలువ ఉంది కదా. అలాగే హార్టికల్చర్ వాళ్ళు వానాకాలంలో ఒక సంత రోజు బల్ల వేసుకుని కూర్చుంటే, జనం కొమ్మలు తెచ్చి చూపించుకుంటారు, ఖర్చు కూడా ఏమీ ఉండదు.

మొదటి వారానికి మా తోటలోదే ఒకటి పంపిస్తున్నాను, ఇంకా పేరు తేలలేదు, అప్పకి కూడా ఖాయంగా తెలీదంది. బావి గట్టు మీద పాకిన తీగ. ఆకులు ఎదురెదురుగా జతలుగా ఉన్నాయి, పైన నున్నగా ముదురు ఆకుపచ్చ, కింద తెలుపు. ఎక్కడ గిల్లినా పాలు వస్తాయి. చిన్న పువ్వులు, లేత పసుపు. కాయలు రెండేసి మేక కొమ్ముల్లా విడిపోయి ఉంటాయి, పగిలితే లోపల గింజకి పట్టులాంటి దూది. అడవి పాలతీగ అని పక్కింటి మావయ్య గారి అనుమానం. నొక్కి ఎండబెట్టిన కొమ్మ, ఆకు రెండు వైపులా తీసిన ఫోటోలు, కాయ పక్కన రూపాయి బిళ్ళ పెట్టిన ఫోటో ఈ కవర్‌లోనే పెట్టాను. తెలిసినవాళ్ళు పేరు, ఏ ఊళ్ళో ఆ పేరుతో పిలుస్తారో రెండూ రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా